కొత్త సర్క్యూట్‌ని ఎగ్జిట్ నుంచి వెనక్కి నేర్చుకో, తమ్ముడూ

వైజాగ్ ఎంవీపీ కాలనీ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, నా దగ్గర పోర్షె 718 కేమన్ ఉంది. చెన్నై ట్రాక్‌కి రెండేళ్లుగా వెళ్తున్నాను, అక్కడ బాగానే నడుపుతాను. డిసెంబరులో మొదటిసారి గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌కి వెళ్తున్నాను, ఒక్క రోజే దొరికింది. వీడియోలు బోలెడు చూశాను, సిమ్‌లో (కంప్యూటర్ రేసింగ్ గేమ్‌లో) కూడా తిప్పుతున్నాను. అంత చాలా? అక్కడ నా ఫ్రెండ్ ఒకడు చాలా ఫాస్ట్, వాడి వెనకాలే వెళ్తే లైన్ తెలిసిపోతుందా? సెమీ స్లిక్ టైర్లు (గాడులు తక్కువుండే ట్రాక్ టైర్లు) కొనాలా? అరకు ఘాట్ నాకు కొట్టినపిండి, అదేమైనా పనికొస్తుందా?"

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వనే అంటాను. మనం ఒకే ఊరివాళ్లం కూడా.

ముందు ఒక చిన్న లెక్క. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. బుద్ధ్ 5.125 కిలోమీటర్లు, 16 మలుపులు. కొత్తవాడికి ల్యాప్‌కి, అంటే ఒక చుట్టుకి, రెండున్నర నిమిషాలు వేసుకో. 20 నిమిషాల సెషన్ అయితే ఎనిమిది ల్యాపులు. టైర్లు వేడెక్కించే మొదటి ల్యాపు, బ్రేకులు చల్లార్చే చివరి ల్యాపు తీసేస్తే మిగిలేవి ఆరు. రోజంతా నాలుగు సెషన్లు దొరికాయనుకున్నా 24 ల్యాపులు. అంటే ఒక్కో మలుపు దగ్గర నీకు దొరికేవి 24 ప్రయత్నాలే. చెన్నైలో లాగా "వచ్చే నెల మళ్లీ చూద్దాంలే" అనే వీలు లేదు. అందుకని ఆ ల్యాపుల్ని ఏ వరసలో ఖర్చు పెడతావన్నదే అసలు విషయం.

కొత్త ట్రాక్‌కి వెళ్లినవాళ్లలో నూటికి తొంభై మంది బ్రేకింగ్‌తో మొదలుపెడతారు. "ఈ మలుపుకి ఎక్కడ బ్రేక్ వేస్తున్నావు?" అన్నదే పిట్స్‌లో, అంటే కార్లు ఆపుకునే చోట, వినిపించే మొదటి మాట. నా దృష్టిలో అది అన్నిటికన్నా ఆఖర్న నేర్చుకోవాల్సింది. ఎందుకో చెప్తాను.

గంటకి 200 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు 80కి దిగాలి. టైర్లు ఒక జీ పట్టు, అంటే కారు బరువంత పట్టు, ఇస్తాయనుకుంటే దానికి సుమారు 132 మీటర్లు కావాలి. అదే మలుపుకి 210తో వస్తే 148 మీటర్లు. స్పీడోమీటర్‌లో పదే పెరిగింది, కింద రోడ్డు మాత్రం 16 మీటర్లు ఎక్కువ కావాల్సి వచ్చింది. వేగం వర్గంతో పాటు పెరిగే లెక్క కదా. మరి ఆ 210 ఎక్కడి నుంచి వచ్చింది? దాని ముందు మలుపు నుంచి నువ్వు బాగా బయటపడటం వల్ల. ఉదయం కష్టపడి ఒక బ్రేకింగ్ పాయింట్ పట్టుకున్నావనుకో. మధ్యాహ్నానికల్లా దాని ముందున్న మలుపు ఎగ్జిట్, అంటే అందులోంచి బయటపడే తీరు, బాగుపడుతుంది, స్ట్రెయిట్ (మలుపుల్లేని నేరు రోడ్డు) చివర వేగం పెరుగుతుంది, దాంతో ఉదయం పట్టుకున్న పాయింట్ తప్పు పాయింట్ అయిపోతుంది. వట్టి తప్పు కాదు, ప్రమాదకరమైన తప్పు. బ్రేకింగ్ పాయింట్ అనేది ఆ మలుపు సొత్తు కాదు, దాని ముందున్న ఎగ్జిట్ ఇచ్చిన ఫలితం. ఎగ్జిట్ కుదిరేదాకా బ్రేకింగ్ పాయింట్ కుదరదు.

పోనీ ఆలస్యంగా బ్రేక్ వేస్తే మిగిలేది ఎంత? పైన చెప్పిన 200 నుంచి 80కి దిగే చోట పది మీటర్లు ఆలస్యంగా వేశావనుకో. నీకు మిగిలేది సెకనులో పదో వంతు కూడా ఉండదు. అదీ టైర్లు ఆ అదనపు పట్టు ఇస్తేనే, లేకపోతే నేరుగా ట్రాక్ పక్కన కంకర గ్రావెల్‌లోకే. అదే మలుపు నుంచి 80కి బదులు 85తో బయటపడి పెద్ద స్ట్రెయిట్ ఎక్కితే, నీ కారుకి ఉన్న 300 హార్స్‌పవర్‌తో లెక్కేస్తే, మిగిలేది దానికి దాదాపు రెట్టింపు. పైగా దానికి గుండె ధైర్యం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

అందుకే నేను ట్రాక్‌ని ఎగ్జిట్ నుంచి వెనక్కి నేర్చుకోమంటాను. ప్రతి మలుపులో ముందుగా తేల్చుకోవాల్సింది కారు చివరికి రోడ్డు మీద ఎక్కడ తేలాలి, అక్కడికి చేరేలోపు యాక్సిలరేటర్ ఎంత తొందరగా పూర్తిగా తొక్కగలను అన్నది. అది తేలితే ఎపెక్స్, అంటే కారు లోపలి అంచుకి బాగా దగ్గరయ్యే చోటు, ఎక్కడో దానంతటదే తేలుతుంది. ఎపెక్స్ తెలిస్తే స్టీరింగ్ ఎక్కడ తిప్పాలో తెలుస్తుంది. అది తెలిశాక బ్రేక్ ఎక్కడ పూర్తిగా వదిలేయాలో తెలుస్తుంది. ఎక్కడ తొక్కాలన్నది అన్నిటికన్నా చివర.

బుద్ధ్‌లో దీనికి బంగారం లాంటి ఉదాహరణ మూడో మలుపు. పైకి ఎక్కుతూ తిరిగే బిగుతైన కుడి మలుపు అది. అది దాటాక కిలోమీటరుకి కొంచెం పైగా స్ట్రెయిట్, ట్రాక్ మొత్తంలో అదే పెద్దది. డిజైన్ చేసిన హెర్మన్ టిల్కే ఎఫ్1 కార్లు ఓవర్‌టేక్ చేసుకోవాలని ఆ మలుపు ఎంట్రీని కావాలనే బాగా వెడల్పు చేశాడు. మొదటిసారి వెళ్లినవాడికి అదే బోను. అంత రోడ్డు కనిపించగానే "ఇంత చోటుంది కదా" అని బ్రేక్ ఆలస్యం చేస్తాడు, తొందరపడి లోపలికి తిప్పేస్తాడు. లోపలి కర్బ్ (రోడ్డు అంచున రంగు వేసిన గట్టు) ముందే తగిలేస్తుంది. అక్కడి నుంచి కారు బయటికి బయటికి తోసుకుపోతుంది, గ్యాస్, అంటే యాక్సిలరేటర్, ఎత్తక తప్పదు. ఎత్తిన ఆ ఒక్క క్షణం ఖరీదు ఆ కిలోమీటరు పొడవునా కడుతూనే ఉంటాడు.

నువ్వు దానికి తిరగేసి చెయ్యి. ఎడమ అంచుకి వెళ్లి, మొదటి సెషన్‌లో నీకే సిగ్గేసేంత ముందుగా, మెత్తగా బ్రేక్ వెయ్యి. కారు నెమ్మదించాక కూడా తిప్పడానికి తొందరపడకు. లోపలి కర్బ్ సగం దాటాక తగిలేలా తిప్పు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఎదురుగా రోడ్డు కంటే ఆకాశమే ఎక్కువ కనిపిస్తుంది, ఎగ్జిట్ కంటికి ఆనదు. అందుకని ముందు ల్యాపుల్లోనే దూరంగా కదలని గుర్తు ఒకటి పట్టుకుని పెట్టుకో. ఫెన్సింగ్ స్తంభం కావచ్చు, బోర్డు కావచ్చు. కారు ముక్కు దాని వైపుకి తిరిగాక యాక్సిలరేటర్ తొక్కడం మొదలుపెట్టు. ఒకసారి తొక్కావంటే మళ్లీ ఎత్తకూడదు. ఎత్తాల్సి వచ్చిందా, తొందరగా తొక్కావు, లేదా తొందరగా తిప్పావు. రెంటిలో ఏదో వచ్చే ల్యాపులో ఒక్కటే మార్చి చూడు, రెండూ ఒకేసారి మార్చకు.

ప్రతి మలుపునీ ఇలాగే ప్రశ్నించు. ఎగ్జిట్‌లో బయటి కర్బ్‌కి ఇంకా కారు వెడల్పంత చోటు మిగిలిందా? అయితే ఇంకొంచెం వేగంతో రావచ్చు, లేదా ఇంకొంచెం ముందుగా గ్యాస్ ఇవ్వొచ్చు. కర్బ్ మీదికి ఎక్కేసి ఇంకా బయటికి పోతోందా? చాలామంది ఇక్కడ "స్పీడ్ ఎక్కువైంది" అనుకుంటారు. చాలాసార్లు స్పీడ్ కాదు, స్టీరింగ్ ముందుగా తిప్పడం. చోటు ఉందా లేదా అన్నదానికి ఇంకో ముఖ్యమైన షరతు: స్టీరింగ్ నిన్ను బయటికి వదలాలి, నువ్వు బలవంతంగా కారుని కర్బ్ దాకా తీసుకెళ్లకూడదు. "చూశారా, మొత్తం రోడ్డు వాడాను" అని చూపించుకోవడానికి కారుని ఊరికే అంచుకి తోలేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

పదహారు మలుపులూ ఒకేలా ముఖ్యం కావు, అన్నిటి మీదా సమానంగా బుర్ర పెట్టకు. నా లెక్కలో మొదటిది మూడో మలుపు. తర్వాత ల్యాపు చివర్లో మెయిన్ స్ట్రెయిట్‌కి ఎక్కించే చివరి మలుపు. ఆ తర్వాత పదో మలుపు దగ్గర మొదలయ్యే పొడవైన కుడి వంపు. అది ఒక మలుపు అయిపోయిందనుకునేలోపు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అక్కడ మొదట్లోనే లోపలి అంచుకి అతుక్కుపోతే సగంలో రోడ్డు అయిపోతుంది. అందులోకి వెళ్లేటప్పుడు స్టీరింగ్ ఒక్కసారి తిప్పి, అదే కోణంలో పట్టుకుని, గ్యాస్‌తోనే కారుని లోపలికీ బయటికీ సర్దుకుంటూ ఎదురుచూడటం నేర్చుకోవాలి. మధ్యలో వచ్చే ఎడమ-కుడి జంటలు ఇంకో రకం. వాటిలో మొదటి సగాన్ని త్యాగం చెయ్యి, రెండో సగం ఎగ్జిట్ చూసుకో. ఇంతకు మించి వాటి గురించి ఇప్పుడు చెప్పినా నీకు బుర్రకెక్కదు, అక్కడ చూస్తే ఐదు నిమిషాల్లో అర్థమైపోతుంది.

మొదటి సెషన్ ఎలా నడపాలో కూడా చెప్తాను, ఎందుకంటే రోజంతా పాడయ్యేది అక్కడే. ల్యాప్ టైమర్ కట్టేయి. ఫోన్‌లో యాప్ ఉంటే ఆన్ చేసి డ్యాష్‌బోర్డులో పడెయ్యి, చూడకు. కారు గేర్‌బాక్స్ ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి, మెయిన్ స్ట్రెయిట్లు తప్ప మిగతా అంతా ఒకే గేర్‌లో, మూడో నాలుగో, తిప్పు. బ్రేక్ వీలైనంత తక్కువ వాడు. గేర్ గోల, బ్రేక్ గోల లేకపోతే కంటికి పని దొరుకుతుంది. రోడ్డు ఎటు వాలింది, ఎక్కడ ప్యాచ్ వేశారు, కర్బ్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుంది, టైరు నల్లగీతలు ఎక్కడ రోడ్డు దాటి బయటికి పోయాయి, ఇవన్నీ అప్పుడే కనిపిస్తాయి. ఆ నల్లగీతలు జాగ్రత్తగా చూడు. బయటికి పోయిన ప్రతి గీతా ఎవరో ఒకరు అక్కడ ఏం తప్పు చేశారో రాసిపెట్టినట్టే ఉంటుంది. ట్రాక్ మీద నడవనిస్తే మాత్రం ఆ అవకాశం వదులుకోకు. మలుపు ముందు గొంతుక్కూర్చుని చూడు, ఎందుకంటే కేమన్‌లో నీ కళ్లు ఉండే ఎత్తు దాదాపు అంతే. నిలబడి చూసినప్పుడు కనిపించిన ఎపెక్స్ కూర్చుంటే కనిపించదు. వాలు కూడా కూర్చుంటేనే తెలుస్తుంది.

గుర్తులు పట్టుకునేటప్పుడు కదిలేవి, మారేవి వద్దు. చెట్టు నీడ మధ్యాహ్నానికి జరిగిపోతుంది. పార్క్ చేసిన అంబులెన్స్ టీకి వెళ్లిపోతుంది. జెండాలు చూపే మార్షల్ కుర్చీ ఎండని బట్టి జరుగుతుంది. దూరం బోర్డులు, కర్బ్ రంగు మొదలయ్యే చోటు, తారు అతుకు, ఇవి నమ్మదగినవి. ప్రతి మలుపుకీ మూడే చాలు: తిప్పే చోటు, ఎపెక్స్, ఎగ్జిట్. బ్రేక్ గుర్తు మూడో సెషన్‌లో చూసుకోవచ్చు.

ఇంకో సంగతి. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. బుద్ధ్ గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిరుగుతుంది, పెద్ద మలుపులు చాలావరకు కుడివే. కుడి ఎపెక్స్ నీ పక్కనే ఉంటుంది, అంగుళాల లెక్కన తగిలించగలవు. ఎడమ మలుపులకి వచ్చేసరికి ఎపెక్స్ కారుకి అవతలి పక్క. అక్కడ దాదాపు అందరూ మీటరు దూరంలో పోతూ "తగిలింది" అనుకుంటారు. దీనికి మందు వైజాగ్‌లోనే ఉంది. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు పెట్టి, సీట్లో సరిగ్గా కూర్చో. ఎడమవైపు ముందు టైరుకి ఆనుకుని నేల మీద ఒక నీళ్ల సీసా పెట్టమని ఎవరినైనా అడుగు. ఆ సీసా నీకు కనిపించదు. ఇప్పుడు దాన్ని మెల్లగా ముందుకి జరపమను, బోనెట్ అంచు మీదుగా మూత కనిపించగానే ఆపమను. బోనెట్ మీద ఏ గీత దగ్గర అది కనిపించిందో గుర్తుపెట్టుకో. తర్వాత అక్కడే మెల్లగా నడుపుతూ ఎడమ టైరు సీసాకి జానెడు దూరంలో పోయేలా ప్రయత్నించు. ఒక సాయంత్రం ఇలా చేస్తే బుద్ధ్‌లో ఎడమ మలుపులన్నీ మెరుగుపడతాయి. వాచ్‌మన్ ఏమనుకుంటాడన్నది నీ సమస్య.

వీడియోల సంగతి. ఎఫ్1 ఆన్‌బోర్డ్, అంటే కారులోంచే తీసిన వీడియో, చూసి ఉంటావు, అందరూ అదే చూస్తారు. 2011, 2012, 2013ల్లో ఇక్కడ మూడు ఇండియన్ గ్రాండ్ ప్రీలు జరిగాయి, మూడూ ఎఫ్1 డ్రైవర్ వెటెల్ గెలిచాడు. 2011 రేసులో అతని ల్యాపు 1 నిమిషం 27.249 సెకన్లు. చూడటానికి పండగే, కానీ నీకు పనికొచ్చేది అందులో చాలా తక్కువ. ఆ కారుని గాలే నేలకి అదిమిపెడుతుంది. నీకు బ్రేక్, గేర్, ఓపిక అన్నీ కావాల్సిన మలుపుని వాళ్లు గ్యాస్ కొంచెం ఎత్తి దాటేస్తారు. వాళ్ల బ్రేకింగ్ దూరం చూసి పోల్చుకుంటే నువ్వు గోడలోకే. రోడ్డు కారులో, నీ కారు లాంటి దానిలో తీసిన ల్యాపు ఒక్కటి చాలు. దాన్నే పదిసార్లు చూడు, పది వీడియోలు ఒక్కోసారి చూడొద్దు. శబ్దం పెంచి చూడు. గ్యాస్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఎత్తాడు అనేది కంటికంటే చెవికి బాగా తెలుస్తుంది.

సిమ్ మంచిదే, మలుపుల వరస బట్టీ పట్టడానికి. "ఈ ఎడమ తర్వాత ఏముంది?" అన్న సందేహం తీరిపోతే మొదటి సెషన్‌లోనే సగం టెన్షన్ పోతుంది. కానీ సిమ్‌లో ఎత్తుపల్లాలు ఒంటికి తెలియవు, బ్రేకులు వేడెక్కి మెత్తబడిన సంగతి కాలికి తెలియదు, ముఖ్యంగా భయం ఉండదు. సిమ్‌లో నేర్చుకున్న బ్రేకింగ్ పాయింట్లని మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి రా.

ఫ్రెండ్ వెనకాల వెళ్లడం గురించి. వద్దు. వెనకాల వెళ్లేవాడు రోడ్డుని చూడడు, ముందు కారు బంపర్‌ని చూస్తాడు. వాడి బ్రేక్ లైట్ వెలిగితే బ్రేక్ వేస్తాడు, వాడు తిప్పితే తిప్పుతాడు. వాడి టైర్లు వేరు, వాడి బ్రేకులు వేరు. వాడు తప్పు చేస్తే నువ్వూ అదే తప్పులోకి, అదీ అర సెకను ఆలస్యంగా, అంటే ఇంకా లోతుగా వెళ్తావు. వాడు నిజంగా బాగా నడిపితే, నిర్వాహకులు ఒప్పుకుంటే, వాడి పక్క సీట్లో కూర్చుని నాలుగు ల్యాపులు చూడు. అప్పుడు వాడి చేతులు కాదు, తల ఎటు తిరుగుతుందో చూడు. మలుపు తిరగకముందే కళ్లు ఎగ్జిట్‌కి వెళ్లిపోతాయి. అసలు నేర్చుకోవాల్సింది అదే. ఇన్‌స్ట్రక్టర్ దొరికితే ఇంకా మంచిది, టైర్లకి పెట్టే డబ్బు ఆయనకి పెట్టు.

అరకు ఘాట్ గురించి అడిగావు. ఎస్.కోట దాటి అనంతగిరి దాకా ఎక్కే ఆ రోడ్డు మన ఊరి డ్రైవర్లకి గర్వకారణమే, కాదనను. కానీ ట్రాక్‌కి అది సాయం కంటే అడ్డమే ఎక్కువ. ఘాట్‌లో బతికి బయటపడాలంటే నీ ఎడమ పక్కనే ఉండాలి, ఎదురుగా ఆర్టీసీ బస్సు రావచ్చు, మలుపు అవతల ఏముందో తెలియదు కాబట్టి సగం రోడ్డునే నీదనుకోవాలి. అది సరైన అలవాటు, ఆ రోడ్డుకి. ట్రాక్‌లో రోడ్డంతా నీదే, అంచు నుంచి అంచు దాకా. ఘాట్ అలవాటున్నవాడు ట్రాక్‌లో మలుపు మధ్య నుంచి మొదలుపెట్టి మధ్యలోనే తేలతాడు, సగం రోడ్డు వాడనే వాడడు. మొదటి ల్యాపుల్లో నీకు నువ్వే పైకి చెప్పుకోవాల్సి వస్తుంది, "ఎడమకి వెళ్లు, ఇంకా ఎడమకి" అని. దీనికి తోడు ఒక మాట, వద్దన్నా అంటాను: ట్రాక్ ప్రాక్టీస్ అని చెప్పి అరకు రోడ్డులోనో, రుషికొండ దాటాక భీమిలి బీచ్ రోడ్డులోనో రాత్రిపూట కారు తొక్కేవాళ్లున్నారు. ఆ రోడ్డులో కుక్కలుంటాయి, వలలు మోసుకుని దాటే మనుషులుంటారు. ట్రాక్ నేర్చుకోవడానికి అక్కడ ఒక్క ముక్క కూడా దొరకదు.

ఇక కారు. నువ్వు ఉండేది సముద్రం ఒడ్డున, ఇది చిన్న విషయం కాదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తది అయితే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 155కి పడిపోవచ్చు. కిలోమీటరు స్ట్రెయిట్ చివర గట్టిగా బ్రేక్ వేసే ట్రాక్‌లో 155 ఏ మూలకీ చాలదు. ఆయిల్ మరిగితే బుడగలు వస్తాయి, పెడల్ నేలదాకా పోతుంది. బయల్దేరే ముందు కొత్త ఆయిల్ వేయించు, ఏడాది క్రితం మార్చాను అనకు. ప్యాడ్లు సగం కంటే తక్కువ ఉంటే అవీ మార్చు. చక్రాల బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించి, మొదటి సెషన్ తర్వాత చల్లారాక మళ్లీ చూడు. సెషన్ అయ్యాక హ్యాండ్‌బ్రేక్ వేయకు, పార్కింగ్ గేర్‌లో పెట్టి చక్రం కింద చెక్కముక్క పెట్టు.

టైరు గాలి ఇంకోటి. వైజాగ్‌లో 32 డిగ్రీల ఎండలో 33 పీఎస్‌ఐ గాలి పెట్టి కారు ట్రక్కెక్కిస్తావు. డిసెంబరు పొద్దున్న గ్రేటర్ నోయిడాలో పది డిగ్రీలకి దగ్గరగా ఉంటుంది. ఏమీ లీక్ అవకుండానే మూడు పీఎస్‌ఐకి పైగా తగ్గి కనిపిస్తుంది. "గాలి దిగిపోయింది" అని కంగారుపడి నింపేస్తే, నాలుగు ల్యాపుల తర్వాత వేడికి ఉబ్బిపోయి పట్టు పోతుంది. చల్లటి టైరులో ఎంతుందో కాదు, సెషన్ ముగించి పిట్స్‌లోకి రాగానే ఎంతుందో చూసి అప్పుడు తగ్గించు. ఎంత ఉండాలన్నది నీ కారు పుస్తకంలోనూ, అక్కడ అదే కారు నడిపేవాళ్ల దగ్గరా తెలుసుకో. చలిలో మొదటి ల్యాపులో టైరుకి పట్టు ఉండదు, పొద్దున్న ట్రాక్ మీద దుమ్ము కూడా ఉంటుంది. మన వాతావరణానికి అలవాటు పడినవాళ్లు అక్కడ తడబడేది ఇందుకే. పొగమంచు ఉంటే సెషన్ ఆలస్యం అవుతుంది, చిరాకు పడకు.

కారు జారిపోకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ తీయకు. నీ కారులో ఇంజిన్ మధ్యలో ఉంది, మలుపు మధ్యలో భయపడి ఒక్కసారిగా గ్యాస్ వదిలితే వెనక తేలిపోయి కారు గిర్రున వెనక్కి తిరిగిపోతుంది. కొత్త ట్రాక్‌లో భయపడని మనిషి ఉండడు. ఎక్కువ వేగంతో మలుపులోకి వచ్చేశానని తోస్తే గ్యాస్ పూర్తిగా వదలకు, కొంచెం తగ్గించు, చూపు రోడ్డు మీదే ఉంచి స్టీరింగ్ తిప్పుతూ ఉండు. ఎగ్జిట్‌లో రెండు చక్రాలు రోడ్డు దిగాయంటే స్టీరింగ్‌ని గుంజి ట్రాక్ మీదికి తేవాలని చూడకు. చాలా పెద్ద ప్రమాదాలు అలాగే అవుతాయి. బయటి చక్రాలకి పట్టు దొరకగానే కారు అడ్డంగా దూసుకుపోయి అవతలి గోడకి కొడుతుంది. స్టీరింగ్ నేరుగా పెట్టి, మెల్లగా నెమ్మదించి, వెనక చూసుకుని ఎక్కు. పరువు పోతుందని ఎవరూ ఏమీ అనుకోరు, అక్కడున్న అందరూ ఎప్పుడో ఒకప్పుడు గడ్డి చూసినవాళ్లే.

జెండాలు బ్రీఫింగ్‌లో చెప్తారు, చెవులు పెట్టి విను. పసుపు అంటే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ వద్దు. ఎరుపు అంటే సెషన్ ఆగింది, నెమ్మదిగా పిట్స్‌కి. పసుపు మీద ఎర్ర చారలంటే రోడ్డు జారుడు. నీలం చూపిస్తే వెనక వేగంగా వచ్చేవాడున్నాడు, దారి ఇచ్చెయ్యి. కొత్తవాడికి ఎక్కువ కనిపించేది ఆ నీలమే. అద్దం స్ట్రెయిట్లలో చూసుకో, మలుపు మధ్యలో కాదు.

ఇన్సూరెన్స్ గురించి నువ్వు అడగలేదు, అందరూ మర్చిపోయేదే. మన మామూలు మోటార్ పాలసీల్లో ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వాడకానికి కవర్ ఉండదు. "ఇది రేస్ కాదు కదా, ట్రాక్ డే" అని వాదించే ముందు నీ పాలసీలో "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అన్న భాగం చదువు. గోడ ముద్దు పెట్టుకుంటే ఖర్చు నీ జేబులోంచే అనుకుని నడుపు.

ప్రతి సెషన్ అయ్యాక మొదట నీళ్లు తాగు. ఆ తర్వాత కాగితం తీసుకుని ట్రాక్ బొమ్మ చేత్తో గియ్యి, ప్రింట్ తీసింది చూసి కాదు. ఒక్కో మలుపు దగ్గర ఏ గేర్, ఎక్కడ తిప్పావు, గ్యాస్ ఎత్తాల్సి వచ్చిందా లేదా రాయి. ఒకటి రెండు మలుపుల దగ్గర ఏమీ రాయలేక పెన్ను ఆగిపోతుంది. అవే నీకు రానివి. వాటిని వచ్చే సెషన్‌లో చూసుకో, మిగతావి యథాతథంగా ఉండనీ. లంచ్ టైమ్‌లో కారులో కూర్చుని, కళ్లు మూసుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, మనసులో ఒక ల్యాపు తిప్పు. చేతులు, కాళ్లు కూడా కదుపు. అది నిజమైన ల్యాపు టైమ్‌కి నాలుగైదు సెకన్ల తేడాతో వచ్చిందంటే ట్రాక్ బుర్రకెక్కినట్టే. బాగా తక్కువ వచ్చిందంటే మధ్యలో ఏదో మలుపు మింగేశావు. ఈ పని చేయాలంటే పరాఠాలు కడుపునిండా తినకు, నిద్రొస్తుంది.

బ్రేకింగ్ పాయింట్లు మూడో సెషన్‌లో మొదలుపెట్టు, అదీ మొదట మూడో మలుపు, నాలుగో మలుపు దగ్గర మాత్రమే. ఒకేసారి గట్టిగా తొక్కి మెల్లగా వదలడం మీద ధ్యాస పెట్టు. తొక్కే చోటు రెండు మూడు మీటర్ల చొప్పున ముందుకి జరుపు, ఎపెక్స్ తప్పిన మరుక్షణం వెనక్కి వచ్చెయ్యి. మలుపు లోపలిదాకా బ్రేక్ మోసుకెళ్లే ట్రెయిల్ బ్రేకింగ్ మొదటి రోజు వద్దు. చెన్నైలో నీకు అది బాగా వస్తుందని తెలుసు, అయినా వద్దు. చివరి సెషన్‌లో అలసిపోయి ఉంటావు, ట్రాక్ వేడెక్కి ఉంటుంది, అందరూ టైమ్ కోసం ఎగబడతారు. చివరి రెండు ల్యాపులు వదిలేసుకున్నా నష్టం లేదు.

సెమీ స్లిక్స్ ఇప్పుడు వద్దు. మామూలు రోడ్డు టైరు పట్టు తప్పేముందు కీచుమంటుంది, ఎంత మిగిలిందో చెప్పి మరీ వదులుతుంది. సెమీ స్లిక్ పట్టు ఎక్కువ ఇస్తుంది కానీ వదిలేటప్పుడు తక్కువ చెప్తుంది. పొద్దున్న చలిలో వేడెక్కడానికి ఇంకా టైమ్ తీసుకుంటుంది, నీకున్న 24లో అవి కూడా పోతాయి. రెండోసారి బుద్ధ్‌కి వెళ్లేటప్పుడు కొను. కారుని నడుపుకుంటూ వెళ్లాలనే ఆలోచన ఉంటే అదీ మానెయ్. మూసి ఉన్న కారు క్యారియర్‌లో పంపించి నువ్వు ఫ్లైట్‌లో వెళ్లు. క్యారియర్ వాడు చెప్పిన తేదీకి మూడు రోజులు ముందుగా చేరేలా బుక్ చెయ్యి, ఎందుకంటే చెప్పిన రోజున చేర్చిన క్యారియర్‌ని నేనింతవరకు చూడలేదు.